ఉన్నది ఉన్నట్టు – పోలీసు కేసుల్లో డిజిటల్ ఫోరెన్సిక్



ఇవాళ నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, మన ఈ మూడు జిల్లాల్లో ఏ పోలీస్ స్టేషన్‌లో ఏ కేసు ఫైలు తెరిచినా అందులో ఎక్కడో ఒకచోట సెల్‌ఫోన్ ప్రస్తావన ఉంటుంది. అయిజలో నకిలీ విత్తనాల కేసు కావచ్చు, కొత్తకోట దగ్గర హైవే మీద యాక్సిడెంట్ కావచ్చు, అచ్చంపేటలో ఆడపిల్లను వేధించిన కేసు కావచ్చు. ఎవరు ఎవరితో మాట్లాడారు, డబ్బు ఎవరి ఖాతాలో పడింది, ఆ రాత్రి ఎవరు ఎక్కడున్నారు అన్న ప్రశ్నలన్నీ చివరికి ఫోన్ దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి. ఆ ఫోన్‌ను గానీ, కంప్యూటర్‌ను గానీ, సీసీ కెమెరా రికార్డర్‌ను గానీ తీసుకుని, లోపల ఏముందో పరీక్షించి కోర్టుకు రిపోర్టు ఇచ్చే పనిని డిజిటల్ ఫోరెన్సిక్ అంటారు. నేను చేసే పని అదే.

దొంగను పట్టుకునేది మేమేనని చాలామంది అనుకుంటారు. పట్టుకునేది దర్యాప్తు అధికారి. శిక్ష వేసేది జడ్జి. పరికరంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం మారకుండా తీసి జడ్జిగారి ముందు పెట్టడం మా వంతు. తప్పు చేసినవాడికి శిక్ష పడాలన్నా, ఏ పాపం ఎరగనివాడు ఇంటికి పోవాలన్నా ఆ ఒక్క పని సరిగ్గా జరగాలి. అది హైదరాబాద్ ల్యాబ్‌లో మొదలవుతుందని అనుకోకండి. మీ ఊళ్లో, మీ ఇంట్లో, ఫోన్ మీ చేతిలో ఉన్న మొదటి గంటలోనే మొదలవుతుంది. ఈ సంగతి మీతో చెప్పాలనే ఇవాళ వచ్చాను.

2017 చివర్లో నాగర్‌కర్నూల్‌లో జరిగిన కేసు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముఖం కాలి ఆస్పత్రిలో ఉన్న మనిషి అసలు ఆ ఇంటి మనిషే కాదని, అసలు మనిషి హత్యకు గురయ్యాడని బయటపడింది. అక్కడ గుట్టు విప్పినవి ఇంటివాళ్ల అనుమానం, ఆ మీదట వేలిముద్రలు. 2025 జూన్‌కు వద్దాం. గద్వాలలో ఒక యువకుడు కనబడకుండా పోయాడు. కొన్ని రోజులకు నంద్యాల జిల్లా పాణ్యం వైపు శవం దొరికింది. ఈసారి పోలీసులు ముందుపెట్టిన ఆధారాల్లో కాల్ రికార్డులు, బండికి అమర్చిన జీపీఎస్ పరికరం ఉన్నాయి. దోషులెవరో తేల్చాల్సింది కోర్టే. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పెద్ద నగరాల్లో మాత్రమే ఉంటాయనుకున్న ఈ ఆధారాలు ఇప్పుడు మన గల్లీల్లో, మన బండ్లకే ఉన్నాయి.

ఒక ఫోన్ స్టేషన్ నుంచి మా బల్ల మీదికి ఎట్లా వస్తుందో చెబుతాను. స్వాధీనం చేసుకునేటప్పుడు ఇద్దరు పంచుల ముందు పంచనామా రాస్తారు. ఫోన్ కంపెనీ, రంగు, పగుళ్లు, సిమ్ కార్డులు, పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు, అన్నీ అందులోకి ఎక్కాలి. ఫోన్ ఆన్‌లో ఉంటే వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే దూరాన కూర్చున్నవాడు ఇంటర్నెట్ ద్వారానే లోపలిదంతా తుడిచేయగలడు. సిగ్నల్ చొరబడని ప్రత్యేకమైన సంచి ఉంటే అందులో వేయాలి. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆన్‌లో ఉండి ఒక్కసారైనా లాక్ తెరిచిన ఫోన్‌లో, లోపలి సమాచారాన్ని విప్పే రహస్య సంకేతాలు మెమరీలో ఉంటాయి. తొందరపడి స్విచాఫ్ చేస్తే అవి పోతాయి. మళ్లీ ఆన్ చేసినా పిన్ నంబరు కొట్టేదాకా ఆ ఫోన్ దాదాపు ఏమీ చెప్పదు. ఒక్క బటన్ నొక్కడం వల్ల నెలల తరబడి కేసు ఆగిపోయే అవకాశముంది.

ఆ తర్వాత ఫోన్‌ను కవర్లో పెట్టి, సీలు వేసి, పంచుల సంతకాలతో కోర్టు ద్వారా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. వెంట దర్యాప్తు అధికారి రాసిన ప్రశ్నలు వస్తాయి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ రెండు నంబర్ల మధ్య జరిగిన వాట్సాప్ సంభాషణ ఉందా? ఈ ఫోటో ఈ ఫోన్‌తోనే తీశారా? ప్రశ్న ఎంత సూటిగా ఉంటే జవాబు అంత గట్టిగా ఉంటుంది. 'ఫోన్‌లో ఉన్నదంతా ఇవ్వండి' అని రాస్తే లక్షల ఫైళ్లు వచ్చిపడతాయి, అసలు విషయం వాటి కింద మునిగిపోతుంది.

సీలు విప్పే ముందు దాని ఫోటో తీస్తాం. కంప్యూటర్ హార్డ్ డిస్క్ అయితే నేరుగా తెరవం. మామూలు కంప్యూటర్‌కు తగిలిస్తే చాలు, మనం ఏమీ చేయకపోయినా అది కొన్ని ఫైళ్ల తేదీలు మార్చేస్తుంది. అందుకే మధ్యలో రైట్ బ్లాకర్ అనే పరికరం పెడతాం. దాని గుండా చదవడం కుదురుతుంది, రాయడం కుదరదు. డిస్క్ మొత్తానికీ ప్రతి బిట్టుతో సహా నకలు తీసి, అసలును పక్కన పెట్టి, నకలు మీదే పనిచేస్తాం.

నకలు అసలుతో సరిపోయిందని ఎట్లా నమ్మాలి? దానికి హ్యాష్ విలువ ఉంది. డిస్క్‌లో ఉన్న మొత్తం సమాచారాన్ని ఒక గణిత సూత్రంలోంచి పంపితే ఒక పొడవాటి సంఖ్య వస్తుంది. షా-256 అనే పద్ధతిలో అయితే అది అక్షరాలూ అంకెలూ కలిపి 64 గుర్తుల వరుస. వెయ్యి పేజీల పుస్తకంలో ఒక్క కామా మార్చి మళ్లీ లెక్కిస్తే ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. అసలుదీ నకలుదీ హ్యాష్ ఒకటే వచ్చిందంటే రెండూ ఒకటే. స్వాధీనం చేసుకున్న రోజు రాసిన హ్యాష్, రెండేళ్ల తర్వాత కోర్టులో తీసిన హ్యాష్ సరిపోతే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని అర్థం. సరిపోకపోతే డిఫెన్స్ లాయరు అడిగే మొదటి ప్రశ్నకే మా దగ్గర జవాబుండదు.

గద్వాల వైపు సీడ్ పత్తి వేసే రైతుకు ఇంత జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. క్రాసింగ్ చేసేటప్పుడు మొగ్గ మొగ్గనూ చేత్తో విప్పి, గుర్తు కట్టి, పక్క చేను పుప్పొడి సోకకుండా ఎంత కాపాడతారో మీకు తెలుసు. బయటి పుప్పొడి కలిసిందని తేలితే ఏడాది కష్టమంతా పోయి, ఆ లాట్‌ను కంపెనీ తీసుకోదు. సాక్ష్యం విషయంలో కోర్టు కూడా అంతే కచ్చితంగా ఉంటుంది. ఉండాలి కూడా.

ఇక సమయం. మా పనిలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ఫోన్ లోపల సమయం మనం గోడ గడియారంలో చూసినట్టు ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ తన లోపలి పట్టికలో ప్రతి మెసేజ్ పక్కన పదమూడు అంకెల సంఖ్య రాసుకుంటుంది. 1970 జనవరి 1 నుంచి ఆ క్షణం వరకు గడిచిన మిల్లీసెకన్ల లెక్క అది, అదీ అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. సాఫ్ట్‌వేర్ సాయంత్రం ఆరు గంటలని చూపిస్తే అది ఇక్కడ రాత్రి పదకొండున్నర. హత్య రాత్రి పదకొండుకు జరిగిందనుకోండి. ఆ ఐదున్నర గంటలు కలపడం మరిచిన పరీక్షకుడు, హత్య తర్వాత పంపిన మెసేజ్‌ను హత్యకు ముందుదని రాసేస్తాడు. ఒక మనిషి జీవితం ఆ ఒక్క కూడికలో తారుమారవుతుంది. అందుకే రిపోర్టులో ప్రతి సమయం పక్కన అది అంతర్జాతీయ సమయమో, మన సమయమో రాస్తాం.

సీసీ కెమెరాలదీ ఇదే సంగతి. ఎర్రవల్లి చౌరస్తాలో ఒక దాబా కెమెరాలో కారు వెళ్లిన దృశ్యం దొరికిందనుకుందాం. ఆ రికార్డర్ గడియారం సరిగ్గా ఉందా? చాలాచోట్ల ఇరవై నిమిషాలో గంటో తేడా ఉంటుంది. స్వాధీనం చేసుకునే కానిస్టేబుల్ రికార్డర్ చూపిస్తున్న సమయాన్నీ, అప్పటి అసలు సమయాన్నీ పక్కపక్కన పంచనామాలో రాస్తే చాలు, ఆ తేడాను మేము లెక్కలోకి తీసుకుంటాం. ఆ ఒక్క లైను లేకపోతే దృశ్యం ఉండీ లాభం తక్కువ. ఇంకో మాట. డిస్క్ నిండగానే రికార్డర్ పాత దృశ్యాల మీదే కొత్తవి రాసేస్తుంది. ఆలస్యం చేస్తే చూడాల్సిన రోజే ఉండదు. వీడియోను వాట్సాప్‌లో పంపించి అసలును వదిలేయడం కూడా తప్పే. వాట్సాప్ దాన్ని కుదించి, లోపలి వివరాలను తీసేస్తుంది.

సెల్ టవర్ గురించి కూడా చెప్పాలి. టవర్ లొకేషన్ దొరికిందంటే మనిషి ఏ ఇంట్లో ఉన్నాడో తెలిసిపోయినట్టేనని చాలామంది నమ్మకం. టవర్ చెప్పేది ఆ ఫోన్ తన పరిధిలో ఉందని మాత్రమే. గద్వాల పట్టణంలో ఆ పరిధి చిన్నది. అమ్రాబాద్ అడవిలో టవర్లు దూరం దూరంగా ఉంటాయి, ఒక్కో టవర్ కిందికి చాలా విస్తీర్ణం వస్తుంది. అలంపూర్ దగ్గర తుంగభద్ర ఒడ్డున నిలబడ్డ మనిషి ఫోన్ నది అవతల కర్నూలు వైపు టవర్‌ను అందుకోవచ్చు. గట్టు, కేటీ దొడ్డి వైపు పొలంలో ఉన్న రైతు ఫోన్ కర్ణాటక టవర్‌ను పట్టుకోవచ్చు. ఆ టవర్ రికార్డు చూసి 'ఆ రోజు నువ్వు రాయచూరు పోయినవ్' అంటే అన్యాయమవుతుంది. ఊళ్ల సరిహద్దులు తెలిసిన పరీక్షకుడు ఈ మాటను రిపోర్టులోనే స్పష్టంగా రాయాలి.

డిలీట్ చేసినవి తిరిగి వస్తాయా అని అందరూ అడుగుతారు. పాత హార్డ్ డిస్కుల్లో డిలీట్ చేస్తే పేరు మాత్రమే చెరిగేది, లోపలిది చాలాకాలం మిగిలి ఉండేది. ఇప్పటి ఫోన్లు అట్లా కావు. ప్రతి ఫైలూ సంకేతభాషలో ఉంటుంది. వాట్సాప్ పట్టికలో చెరిపిన వరుసలు కొన్నిసార్లు కొంతకాలం మిగులుతాయి, అవి దొరుకుతాయి. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టిన కొత్త ఫోన్‌లోంచి మాత్రం దాదాపు ఏమీ రాదు. ఆధారాలు మాయం చేయాలనుకునేవాళ్లకూ ఇది తెలుసు. 2024 మార్చిలో మన రాష్ట్రంలో బయటికొచ్చిన ఫోన్ ట్యాపింగ్ కేసులో హార్డ్ డిస్కులను ముక్కలు చేసి మూసీలో పారేశారన్నది ముఖ్యమైన ఆరోపణల్లో ఒకటి. అంతకు ముందు 2023 మార్చిలో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేపర్ల లీకేజీ బయటపడ్డప్పుడు కమిషన్ కంప్యూటర్లు, ఒక పెన్ డ్రైవ్ దర్యాప్తులో కీలకమయ్యాయి. గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. వనపర్తి, నాగర్‌కర్నూల్ లైబ్రరీల్లో పగలూ రాత్రీ చదివిన పిల్లల కష్టానికి ఆ పెన్ డ్రైవ్‌తో ఎంత సంబంధముందో ఆలోచించండి.

చట్టం కూడా మాతో పాటే నేర్చుకుంటూ వచ్చింది. కేరళలో 2011 అసెంబ్లీ ఎన్నిక మీద నడిచిన ఒక కేసులో ప్రచార పాటలు, ప్రసంగాలు ఉన్న సీడీలను సాక్ష్యంగా పెట్టారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగిన సర్టిఫికెట్ వాటికి లేదు. 2014లో సుప్రీంకోర్టు ఆ సీడీలను పరిగణనలోకి తీసుకోలేదు. అన్వర్ కేసు అని న్యాయవాదులందరికీ తెలిసిన తీర్పు ఇదే. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో అదే మాటను మళ్లీ గట్టిగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్‌కు రెండు భాగాలున్నాయి. ఒకటి పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి. హ్యాష్ విలువ అందులో రాయాలి. అదే రోజు నుంచి అమలవుతున్న కొత్త నేర విచారణ చట్టం సోదాలను వీడియో తీయాలంటోంది, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లే ఏర్పాటు చేయాలంటోంది. మంచి మాట. కానీ ఈ మూడు జిల్లాల విస్తీర్ణం చూడండి. కొల్లాపూర్ నుంచి అయిజ వరకు ఎక్కడ ఏం జరిగినా సమయానికి చేరుకోవాలంటే మనుషులు, బండ్లు, పరికరాలు జిల్లాలోనే ఉండాలి. చట్టం రాసినంత మాత్రాన సరిపోదు, దానికి తగ్గ సిబ్బందిని ఇవ్వాలని ఈ రేడియో ముఖంగా కోరుతున్నాను.

యంత్రం చెప్పింది కాబట్టి నిజమే అనుకుంటే ఎంత ఘోరం జరుగుతుందో బ్రిటన్‌లో చూశాం. 1999 నుంచి అక్కడి పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు. దాని లోపాల వల్ల లెక్కల్లో డబ్బు తగ్గినట్టు కనిపించేది. చిన్న చిన్న ఊళ్లలో పోస్టాఫీసు నడుపుకునేవాళ్లను దొంగలన్నారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకు పోయారు, ఇళ్లూ పరువూ పోగొట్టుకున్నారు. చివరికి 2024లో అక్కడి పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షల్లో చాలావాటిని రద్దు చేయాల్సి వచ్చింది. మా వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఈ కథ తెలుసుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబును రెండో పద్ధతిలో సరిచూసుకోకుండా సంతకం పెట్టకూడదు. నిందితుడికి అనుకూలమైనది కనబడితే అది కూడా రిపోర్టులో ఉండాలి. మేము ఏ పక్షం వాళ్లమూ కాము.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నదాని గురించి. రైతుల ఫోన్లకు పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. నొక్కి ఇన్‌స్టాల్ చేసుకుంటే అది మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, ఓటీపీలన్నీ మోసగాడి దగ్గరికి పోతాయి. ఖాతా ఖాళీ అవుతుంది. అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. 'ఎవరికీ చెప్పకు, ఇజ్జత్ పోతది' అంటారు. కొడుకు ఫోన్ తీసుకుని మొబైల్ షాపుకు పోయి ఫార్మాట్ కొట్టిస్తాడు. అక్కడితో ఆ ఏపీకే పోతుంది. దాన్ని విప్పి చూస్తే దొంగిలించిన మెసేజ్‌లు ఏ సర్వర్‌కు పోతున్నాయో, ఏ టెలిగ్రామ్ ఖాతాకు చేరుతున్నాయో దొరికే అవకాశముండేది. ఆ దారం తెగిపోతుంది.

కాబట్టి దయచేసి ఇట్లా చేయండి. మోసం జరిగిందని తెలియగానే ఆ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఇంకో ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో మారుతుంది, ఎంత తొందరగా చెబితే అంత మొత్తం మధ్యలో ఆపగలుగుతారు. మెసేజ్‌లు, కాల్ లిస్టు, ఆ ఏపీకే ఫైలు ఏదీ తుడవకండి. స్క్రీన్‌షాట్ తీసుకోండి, కానీ అసలు సంభాషణను అట్లాగే ఉంచండి. ఫోన్‌ను స్టేషన్‌లో చూపించిన తర్వాతే ఫార్మాట్ సంగతి ఆలోచించండి. ఫోన్ పోతే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్ చేయించండి. ఆ పద్ధతిలో దొరికిన ఫోన్లను జిల్లా పోలీసులు తిరిగి అప్పగిస్తూనే ఉన్నారు. మోసపోవడం తప్పు కాదు. చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగులు కూడా మోసపోతున్నారు.

ఆడపిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఇంకో భయం చెబుతారు. 'ఫోన్ ఇస్తే లోపలున్న ఫోటోలన్నీ చూస్తారు కదా సార్' అంటారు. న్యాయమైన భయమే. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల బెంచి చెప్పింది. కేసుకు కావలసిన తేదీలు, కావలసిన నంబర్లు, అంతవరకే చూడాలి. మిగతాది కంటపడినా నోట రాకూడదు. ఆ నమ్మకం నిలబెట్టలేనివాడు ఈ కుర్చీలో కూర్చోకూడదు. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల చిత్రాలను కూడా మేము చూడాల్సి వస్తుంది. అవి మనసులోంచి తొందరగా పోవు. ఇదివరకే గుర్తించిన చిత్రాల హ్యాష్ జాబితాలతో యంత్రమే వాటిని పోల్చుతుంది కాబట్టి అన్నీ కంటితో చూడాల్సిన అవసరం కొంత తగ్గింది. అయినా ఈ పని చేసేవాళ్లకు అప్పుడప్పుడూ విరామం, మాట్లాడుకోవడానికి ఒక మంచి మనిషి అవసరం. పై అధికారులు దీన్ని బలహీనతగా చూడొద్దని నా మనవి.

చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట. వనపర్తి రాజభవనంలో నడుస్తున్న పాలిటెక్నిక్‌లో ఎన్నో తరాలు ఇంజినీరింగ్ నేర్చుకున్నాయి. ఇప్పుడు మన జిల్లాల పిల్లలు ఈ రంగంలోకి కూడా రావాలి. కంప్యూటర్ సైన్స్ గానీ ఫోరెన్సిక్ సైన్స్ గానీ చదవవచ్చు. ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్స్ ఉంది, గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. పోలీసులకు శిక్షణ ఇవ్వడానికి హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర సంస్థ ఉంది. అయితే టూల్స్ నడపడం ఎవరైనా నెలలో నేర్చుకుంటారు. చూసింది మాత్రమే రాయడం, తెలియనిది తెలియదని కోర్టులో ధైర్యంగా చెప్పడం, రిపోర్టును ఎస్‌ఐ గారికీ జడ్జిగారికీ ఫిర్యాదుదారుకూ అర్థమయ్యే భాషలో రాయడం, వీటికి ఏళ్లు పడుతుంది. తెలుగు బాగా వచ్చినవాళ్లు, ఇక్కడి యాస తెలిసినవాళ్లు ఈ పనికి చాలా అవసరం. మన ఊరి వాయిస్ మెసేజ్‌లో ఒక మాట బెదిరింపో, మామూలు కోపమో తేల్చాలంటే ఇక్కడ పెరిగిన చెవి కావాలి.

చివరిగా ఒక్క మాట. ఎంత మంచి ల్యాబ్ ఉన్నా, ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా, ముందే తుడిచేసిన ఫోన్‌లోంచి న్యాయం తీసుకురాలేం. మీరు ఫోన్‌లో ఏదీ తుడవకుండా ఇవ్వండి, స్టేషన్ సిబ్బంది దాన్ని పద్ధతి ప్రకారం సీలు చేయాలి, మేము ఉన్నది ఉన్నట్టు చెబుతాం. ఈ మూడూ జరిగితే బలిసినవాడి మాటకూ, పేదరైతు మాటకూ కోర్టులో ఒకటే తూకం ఉంటుంది. మేము ఈ పని చేస్తున్నది అందుకే.